వెనక సీటు వద్దు

గురువారం పొద్దున శివశంకర్ రేకుల షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి, కారు మీది పరదా లాగేసి, తల్లిని కళ్ళు మూసుకొని రమ్మన్నాడు. సక్కుబాయి మూసుకోలేదు. అరవై ఆరేళ్ళ మనిషి నట్లూ బోల్టులూ పడి ఉన్న షెడ్డులోకి కళ్ళు మూసుకొని ఎందుకు నడుస్తుంది? చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, రెండు కళ్ళూ బాగా తెరుచుకొనే వచ్చింది.

"ఇగ చూడమ్మా," అన్నాడు కొడుకు. "రెండు నెలల కష్టం."

చూసింది. పాలతెలుపు అంబాసిడర్. దాదాపు నలభై ఏళ్ళ కిందటి బండి. ఆమె భర్త రాములు దాన్ని ఎవరో ట్రావెల్స్ వాళ్ళ పెరట్లో తుప్పు పట్టిన డొక్కుగా చూసి, ట్రాక్టరుకు కట్టి మంఖాల్‌కు లాక్కొచ్చాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆయన ఆదివారాలన్నీ దాని కిందే గడిచాయి. ఇంజను విప్పి మళ్ళీ కట్టాడు, అడుగు రేకు కొత్తది వేశాడు, తలుపులకు రబ్బర్లు మార్చాడు. ఇంకా పని ఉండగానే మూడేళ్ళ కిందట పోయాడు. అప్పటినుంచి బండి ఇటుకల మీద నిలబడి ఉంది. రెండు నెలల కిందట కొడుకు "బాపు బండి నేను పూర్తి జేస్త" అంటే సక్కుబాయికి ఆ పూట సంతోషంతో అన్నం కూడా సహించలేదు. చేయనిచ్చింది. ఏం చేస్తున్నావని మధ్యలో అడగలేదు. ఇప్పుడు చూస్తుంటే, అడగకపోవడమే తప్పయిందనిపించింది.

ఎందుకంటే శివశంకర్ ముందు తెరిచింది వెనక తలుపు.

శివశంకర్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ట్రావెల్స్‌లో పదిహేనేళ్ళుగా ఉన్నాడు. మొదట డ్రైవరు, ఇప్పుడు సూపర్‌వైజరు. ఏ బండినైనా వెనక సీటు నుంచే చూస్తాడు. దిగేటప్పుడు ప్యాసింజరు ఫోనులో ఎన్ని చుక్కల రేటింగు పెట్టాడన్నదే ఆ పనిలో బతుకుతెరువు. ప్యాసింజరు కూర్చునేది వెనక. అందుకని ఏసీ గాలి వెనక్కి కొట్టాలి, ఛార్జరు వెనక ఉండాలి, నీళ్ళ సీసాలు, కాగితం రుమాళ్ళ డబ్బా చేతికి అందాలి. ముందు కూర్చున్నవాడి నడుము విరిగినా, చేతులు పట్టేసినా, ఎవరూ చుక్కలు తగ్గించరు.

ఆ లెక్కనే తండ్రి బండినీ చేశాడు. డాష్‌బోర్డు కోసి ఏసీ పెట్టాడు. నాలుగు తలుపుల అద్దాలూ బటన్‌తో దిగుతాయి, ఇంజనూ బటన్‌తోనే స్టార్టవుతుంది. చిన్న టీవీ అంత తెర ఉంది. బండి వెనక్కి పోతుంటే వెనక ఏముందో చూపిస్తుందట. పైకప్పు చుట్టూ నీలం రంగు లైట్ల తీగ. వెనక, పాత సీటు పీకేసిన చోట, పెద్ద వ్యాను నుంచి తెచ్చిన ఒక వాలు కుర్చీ. గోధుమరంగు తోలు, కాళ్ళ కింద ఇంకో మెత్త.

"ఏందిరా గిది, పండ్ల దవాఖాన కుర్చీ లెక్క?"

"కూసొని చూడరాదు. గీ బటన్ ఒత్తితే కాళ్ళు వాటంతటవే లేస్తయ్."

"నా కాళ్ళు నేను లేపుకుంట."

ముందు తలుపు దగ్గరికి ఆమే పోయింది. వంగి స్టీరింగు పట్టుకొని తిప్పింది. తిరగలి తిప్పినట్టే ఉంది. కుడి భుజంలో, ఎప్పుడూ కలుక్కుమనే చోట కలుక్కుమంది. చేయి వదిలేసింది.

"మోటరు పెట్టలేదా?"

శివశంకర్ రిమోటు తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు. "ఏ మోటరు?"

ఏ మోటరో వాడికి తెలుసు. తెలిసే అడిగాడు. సక్కుబాయి షెడ్డు మూలకు పోయి పని బల్ల కింద చూసింది. గోనెసంచీలో చుట్టిపెట్టిన మోటరు మూడేళ్ళుగా అక్కడే ఉండేది. ఇప్పుడు నేల మీద నూనె మరక మాత్రమే ఉంది.

రాములు ఆ మోటరును తుక్కు బజారులో ఒక చిన్న కారు నుంచి విప్పించి తెచ్చాడు. స్టీరింగు కడ్డీ మధ్యలో దాన్ని పెడితే బండి చక్రాలను మనిషి బలంతో కాక కరెంటు బలంతో తిప్పుతుంది. పట్టేసిన భుజం ఉన్నవాళ్ళు కూడా రెండు వేళ్ళతో మలుపు తిప్పొచ్చు. పట్టేసిన భుజం ఆమెది. ఇరవై ఏళ్ళు ట్రాక్టరు మీద టమాట, బెండకాయ మార్కెటుకు తోలిన భుజం. "మొదలు గిది పెడ్త, తర్వాతనే ఏసీ గీసీ. నువ్వే నడపాలె," అన్నాడు రాములు. ఆ మాట మీదే నిరుడు ఆమె లైసెన్సు కొత్తది చేయించుకుంది. ఈ వయసులో నీకెందుకమ్మా అని ఆఫీసులో గుమాస్తా నవ్వినా చేయించుకుంది.

"బ్లెసన్‌కిచ్చిన," అన్నాడు శివశంకర్ చివరికి. "తుక్కుగూడల సీట్ల షాపు బ్లెసన్. ఆయనకు మోటరు గావాలన్నడు, నాకు సీటు గావాలె. మార్చుకున్నం. నీకోసమే అమ్మా. ఎంత దూరమైనా పండుకొని పోవచ్చు."

"నన్నడిగినవా?"

"సర్‌ప్రైజ్ అని..."

"నా మోటరు ఎవనికో ఇయ్యనీకి నువ్వెవడివిరా?"

ఆ కేక వంటింట్లో కోడలు మాధవీలతకు వినబడింది. ఆమె చేతిలో గరిటెతోనే వచ్చి గడపలో నిలబడింది.

శివశంకర్ ముఖం వాడిపోయింది. "రెండు నెలలు, డ్యూటీ నుంచి రాంగనే షెడ్డుల పడ్డ. ఒక్క మంచి మాట రాదు నీ నోట్లకెళ్ళి." రిమోటును జేబులో వేసుకొని, అన్నం కూడా తినకుండా డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం కందుకూరు నుంచి ఫోను వచ్చింది. సత్తెమ్మ. సక్కుబాయికి మిగిలిన ఒకే ఒక్క అక్క.

"సోమారం పొద్దుగాల ఆపరేషనట. గుండె కోస్తరట. ఆదివారం వస్తవా?"

"వస్త."

"వస్తే జర ఉండు. వచ్చుడేమో వస్తవు, గడియల లేస్తవు. పోయినసారి మన అవ్వ ముచ్చట సగంల ఇడ్సిపెట్టి పోయినవు. నేను గా సగం పట్టుకొని నాలుగు నెలలు కూసున్న."

అది నిజమే. కందుకూరు దగ్గరే. కానీ ఎప్పుడు పోయినా శివశంకర్ తీసుకుపోవాలి. వాడు లోపలికి రాడు, బండిలోనే కూర్చొని ఫోను చూసుకుంటాడు, అరగంటకు హారను కొడతాడు. హారను మోగగానే సక్కుబాయి నోట్లో మాట నోట్లోనే ఉంచుకొని చెప్పులు వెతుక్కోవాలి. సోమవారం తర్వాత సత్తెమ్మ ఉంటుందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఈసారి మాటలు సగంలో వదిలి లేచేది లేదని సక్కుబాయి ఫోను పెట్టేసిన చోటే అనుకుంది. తనే పోతుంది. తనే నడుపుకుంటూ పోతుంది. లేవాలనిపించినప్పుడే లేస్తుంది.

శుక్రవారం కొడుకు డ్యూటీకి పోగానే ఆమె షెడ్డులో దూరింది. పదిహేడో నంబరు పానా ఎక్కడుంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ముప్పై ఏళ్ళు రాములు అడిగిన పానా అందించింది ఆమే, టార్చి పట్టిందీ ఆమే. వాలు కుర్చీకి నాలుగు బోల్టులు. మూడు సులువుగా వచ్చాయి. నాలుగోది రాకపోతే దాన్ని, దాన్ని బిగించినవాణ్ణి, వాణ్ణి కన్న తనను కూడా వరసగా తిట్టి, పానాకు పైపు తొడిగి తిప్పింది. వచ్చింది.

"అత్తమ్మా, ఆయనొస్తే ఇల్లు పీకి పందిరేస్తడు," అంది మాధవీలత, కుర్చీకి అవతలి పక్క పట్టుకుంటూ.

"ఎయ్యనీ. నీడకుంటది. నువ్వు జర పైకి లేపు."

ట్రాలీ ఆటోలో కుర్చీ ఎక్కించారు. తుక్కుగూడ దాకా సక్కుబాయి డ్రైవరు పక్కన కూర్చుంది. షెకీనా సీట్ వర్క్స్ ముందు ఆటో ఆగింది. బ్లెసన్ కూతురు పేరే షాపుకు పెట్టుకున్నాడు. ముప్పై దాటని మనిషి. నోట్లో సూది పెట్టుకొని సీటు కవరు కుడుతున్నవాడు ఆమెను చూసి లేచాడు.

"వందనాలు పెద్దమ్మా. సీటు నచ్చలేదా? రంగు మార్చాల్నా?"

"నా మోటరు నాకియ్యి. నీ కుర్చీ నువ్వు దించుకో."

"గదెట్లయితది? శివన్న ఖుషీగ మార్చుకున్నడు. ఆ మోటరు నేను ఇంకో అన్న బండికి పెడ్తనని మాటిచ్చిన. రేపొస్తడు ఆయన."

"శివన్నదైతే శివన్న ఇయ్యాలె. గది నాది. రేపు నేనొచ్చి నీ కుట్టు మిషను ఎవనికన్న ఇచ్చేస్త, ఊకుంటవా?"

"పెద్దమ్మా, జర సల్లగుండు..."

"ఉండ."

ఆమె ట్రాలీ ఎక్కి ఆ వాలు కుర్చీలో కూర్చుంది. అదే మొదటిసారి దానిలో కూర్చోవడం. నడి ఎండ. ట్రాలీ సరిగ్గా షాపు గుమ్మానికి అడ్డంగా ఉంది. సీటు కవర్ల కోసం వచ్చిన ఒక కారు లోపలికి రాలేక వెనకనుంచి హారను కొట్టింది. ఆటోవాడు తల గోక్కున్నాడు.

"అమ్మా, దింపాల్నా, ఇట్లనే ఊరేగిద్దమా?"

"నా మోటరు వస్తే దిగుత. లేకుంటే నీ కిరాయి రాత్రి దాక ఈయనే ఇస్తడు."

రోడ్డు మీద నలుగురు ఆగారు. చెరుకురసం బండివాడు గ్లాసు తుడవడం మానేసి చూశాడు. బ్లెసన్ చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి పోయి గోనెసంచీ తెచ్చి ట్రాలీ మీద పెట్టి, దాని మీద చేయి మాత్రం తీయకుండా నిలబడ్డాడు.

"మాట పోతది పెద్దమ్మా. నా మాట పోతే నాకు గిరాకీ పోతది."

"నీ మాట ఎట్లయినా పోతది. సంచి విప్పు. కింది కడ్డీ చూడు."

విప్పాడు. మోటరు కింద వేలాడుతున్న ఇనుప కడ్డీ మధ్యలో కోసి, లేతు మిషను మీద చెక్కి, ఇంకో ముక్క అతికించి ఉంది. అతుకు పక్కన మూడు చిన్న చుక్కలు, పంచుతో కొట్టినవి.

"గా కడ్డీ మా అంబాసిడర్ కొలతకు కోసింది. నాలుగు వేళ్ళు కురచ. వేరే ఏ బండికి పెట్టినా స్టీరింగు డబ్బాకు అందదు. మూడు చుక్కలు కొట్టింది నా మొగడు. టార్చి పట్టింది నేను. పెట్టు మీ అన్న బండికి. రేపు ఆయన ముంగటనే పెట్టు, చూద్దం."

బ్లెసన్ టేపు తెచ్చి కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. అక్కడే రోడ్డు మీద గొంతుక్కూర్చొని, కడ్డీని వెలుగుకు పట్టి చూశాడు.

"అతుకు ఎంత సాఫ్‌గున్నదో," అన్నాడు మెల్లగా. "నేను సంచి గూడ విప్పి సూడలేదు పెద్దమ్మా. బరువు చూసి తీసుకున్న."

"కొడుకు గూడ గంతే. బరువు చూసే ఇచ్చిండు."

ఆమె కోపం తగ్గలేదు కానీ కాళ్ళు కిందికి దింపింది. బ్లెసన్ వెల్డింగు సామాను అదే ట్రాలీలో వేశాడు. తనే వచ్చి బిగిస్తానన్నాడు. బిగిస్తావు, నేను పక్కనుంటే బిగిస్తావు, అంది సక్కుబాయి.

సాయంత్రం అయిదింటికి శివశంకర్ వచ్చేసరికి షెడ్డులో నీలం మంట. స్టీరింగు కింద బ్లెసన్ వెల్లకిలా పడుకొని ఉన్నాడు, బయటికి కాళ్ళే కనబడుతున్నాయి. వెనక సీటు ఉండాల్సిన చోట నాలుగు బొక్కలు. పైకప్పు లైట్ల తీగ చుట్టలు చుట్టి గోడకు వేలాడదీసి ఉంది. ఏసీ, లైట్లు, మోటరు మూడూ కలిస్తే బ్యాటరీ మోయదని బ్లెసన్ అంటే, ఆ నీలం లైట్లు పీకెయ్యమని సక్కుబాయి వెంటనే చెప్పింది.

శివశంకర్ చేతిలో టిఫిను డబ్బా నేల మీద పెట్టాడు. విసరలేదు. పెట్టిన తీరు మాత్రం విసిరినట్టే ఉంది.

"బ్లెసన్, బయటికి రా."

"ఉండు బ్లెసన్," అంది సక్కుబాయి. "అతుకు వేడి మీదున్నది. మాట్లాడేదుంటే నాతోని మాట్లాడురా."

"ఏం మాట్లాడాలె? పదిమందిల నన్ను బద్నాం చేసినవు. తుక్కుగూడ అంత చెప్పుకుంటున్నరంట, కుర్చీల కూసొని ధర్నా చేసినవని. నిన్ను రాణి లెక్క కూసోబెడ్దమనుకున్న. నాదే తప్పు."

"రాణి ఎవనికి గావాలెరా? నీకు పురసత్ దొరికినప్పుడే కదలాలె గా రాణి. బండెక్కిచ్చుకొని పోయి, అరగంటకు హారను గొట్టి గుంజుకొచ్చే రాణి."

"ఏ రోడ్డు మీద నడుపుతనంటున్నవు? బాపు ఏ రోడ్డు మీద పోయిండు? యాదున్నదా?"

షెడ్డులో వెల్డింగు ఆగిపోయింది.

యాదుంది. శ్రీశైలం రోడ్డు మీద, మిరప నారు తేవడానికి రాములు మోటారు సైకిలు మీద పోతుంటే లారీ తగిలింది. దవాఖానకు తీసుకుపోయామని ఎవరో ఫోను చేశారు. అప్పటికి బండి ఇంజను నడుస్తూనే ఉంది. చక్రాలూ ఉన్నాయి. సక్కుబాయి పరుగున పోయి ఎక్కింది కూడా. షెడ్డులోంచి బయటికి తీసి వాకిలి దగ్గర మలుపు తిప్పబోతే భుజం లేవలేదు. రెండు చేతులతో వేలాడింది. బండి గోడకు ఆనుకొని ఆగిపోయింది. ఇంకెవరైనా దొరుకుతారేమోనని రోడ్డు మీద నిలబడి గంటన్నర. చివరికి పాల వ్యానులో ఎక్కి దవాఖానకు పోయేసరికి ఆయన ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. పది నిమిషాలయిందమ్మా అని నర్సు చెప్పింది. ఆ పది నిమిషాలనూ సక్కుబాయి మూడేళ్ళుగా ఎక్కడా దించలేకపోతున్నది.

"నేను ప్యాసింజర్‌ను ఎక్కిచ్చుకొని సిటీల ఉన్న," అన్నాడు శివశంకర్. "ఫోను సైలెంటుల ఉండె. ఆయనను దింపి చూసేసరికి పన్నెండు మిస్‌డ్ కాల్స్. నీయే పన్నెండు."

"నాకు తెల్వదా?"

"నాదే తప్పని ఒక్కసారన్న అను. మూడేండ్లాయె. అనవు. ఊకె చూస్తవు."

"అంటే నీకు తేలికయితది. నాకేమయితది?" సక్కుబాయి ఇంకా గట్టిగా అరిచింది. "నేను అననురా. నీ తప్పు కాదు కాబట్టి అనను. నా భుజానిది తప్పు. గా భుజానికి మందు తెచ్చి బల్ల కింద పెట్టి పోయిండు నీ బాపు. దాన్ని నువ్వు కుర్చీకి బదులు ఇచ్చేసినవు. నీకు భయమైతున్నదా? భయపడు. నీ భయం నువ్వు మొయ్యి. దాంతోని నా చేతులు కట్టెయ్యకు."

బ్లెసన్ కారు కింద నుంచి బయటికి రావాలా వద్దా అని కాళ్ళు ఒకసారి కదిపి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

మాధవీలత గడపలోంచి అంది. "అన్నం సల్లారుతున్నది. తిని కొట్లాడుకోండ్రి. అత్తమ్మా, బండి బాగైనంక నాకు గూడ నేర్పిస్తనన్నవు, మర్చిపోకు."

"నీకెందుకు?" అన్నాడు శివశంకర్.

"చూసినవా," అంది మాధవీలత అత్తతో. "మీ కొట్లాట ఒడవనే లేదు, నాతోని మొదలువెట్టిండు."

శనివారం మధ్యాహ్నానికి మోటరు బిగిసింది. ఊరి బయట ప్లాట్లు చేసి అమ్మకానికి పెట్టిన వెంచరులో రోడ్లు వేసి ఉన్నాయి. ఇళ్ళు లేవు, మనుషులు లేరు, తెల్లరాళ్ళూ గడ్డీ. సక్కుబాయి అక్కడ బండి నడిపింది. స్టీరింగు నిజంగానే రెండు వేళ్ళతో తిరిగింది. మొదట అలవాటు కొద్దీ బలం పెట్టి తిప్పితే బండి గడ్డిలోకి దూకింది. ఆమె తిట్టుకొని మళ్ళీ తిప్పింది. పది చుట్లు. పదకొండో చుట్టుకు బ్లెసన్ చప్పట్లు కొట్టాడు.

శివశంకర్ రాలేదు. సాయంత్రం మాత్రం రిమోటు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. "ఒక్కదానివి పోవద్దు. నేను పక్కల కూసుంట. నడుపు. నేనేమనను."

"ఏమనొద్దు."

"ఏమనను."

ఆదివారం పొద్దున బయలుదేరారు. మంఖాల్ నుంచి శ్రీశైలం రోడ్డు ఎక్కేదాకా శివశంకర్ నిజంగానే ఏమీ అనలేదు. నోటితో అనలేదంతే. కుడికాలు మాత్రం లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఎదురుగా ఏది వచ్చినా గుటక వేశాడు. ఒక చేయి తలుపు పిడి మీద, ఇంకో చేయి తన మోకాలి మీద. ఆ మోకాలి మీది చేయి వేళ్ళు స్టీరింగు వైపే చూస్తున్నాయి. సక్కుబాయి ఆ వేళ్ళను చూడకుండా ఉండాలని రోడ్డును చూసింది. ముప్పై అయిదు మీద పోతోంది.

రాములుకు లారీ తగిలిన చోటు ఎలాంటి గుర్తూ లేకుండా ఉంటుంది. పక్కన ఒక రేకుల హోటలు, గడ్డి, కంకర కుప్ప. ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక లారీ, ముందున్న ఆటోను దాటడానికి మధ్య గీత మీదికి వచ్చింది. దూరంలోనే ఉంది. సక్కుబాయి చూసింది. ఎడమకు జరగడానికి వేళ్ళు కదిపింది కూడా.

"అమ్మా!" అని శివశంకర్ స్టీరింగు అందుకొని లాగాడు.

పాత బరువు ఉంటే ఆ లాగుడుకు బండి కదిలేది కాదు. ఇప్పుడు మోటరు ఉంది. వాడి భయమంతా చక్రాల్లోకి పోయింది. బండి రోడ్డు దిగి, కంకర మీద జారి, హోటలు ముందున్న నీళ్ళ డ్రమ్ముకు బెత్తెడు దూరంలో ఆగింది. లారీ తన దారిన తాను పోయింది. హోటలు లోపలినుంచి ఒకాయన ఇడ్లీ ప్లేటుతో బయటికి వచ్చి, ఎవరికీ ఏమీ కాలేదని చూసి, మళ్ళీ లోపలికి పోయాడు.

సక్కుబాయి ఇంజను ఆపింది. స్టీరింగు మాత్రం వదలలేదు.

"దిగు."

"అమ్మా, లారీ..."

"లారీ నాకు కనవడ్డది. నేను జరుగుతున్న. నువ్వు గుంజినవు. ఇయ్యాల మనిద్దరం పోయేది లారీతోని కాదు, నీతోని. దిగు."

"నిన్ను ఒక్కదాన్ని ఎట్ల ఇడ్సిపెట్టాలె? గిక్కడ?"

గిక్కడ అంటూ వాడు కంకర కుప్ప వైపు చూశాడు. నలభై మూడేళ్ళ మనిషి, అరవై మంది డ్రైవర్ల మీద కేకలు వేసేవాడు, పెదవి కొరుక్కున్నాడు. సక్కుబాయికి ఒక్క క్షణం చేయి చాపి వాడి తల నిమరాలనిపించింది. నిమిరితే వాడు దిగడు. వాడు దిగకపోతే ఇక ఎప్పటికీ దిగడు. ప్రతి ఆదివారం పక్కన కూర్చొని లేని బ్రేకు తొక్కుతూ, ఒకరోజు ఇద్దరినీ ముంచుతాడు. లేదంటే ఆమెను మళ్ళీ వెనక సీటుకు పంపుతాడు. ఆమెకు ఆ క్షణంలో కొడుకు మీద ఉన్నంత కోపం ఎవరి మీదా లేదు. అంత ప్రేమ కూడా ఎవరి మీదా లేదు. దేన్ని ముందు చూపిస్తే పని అవుతుందో ఆమెకు తెలుసు.

"సత్తెమ్మక్కను రేపు కోస్తర్రా. నేను పోవాలె. నువ్వు ఈ హోటల్ల చాయ తాగు, బస్సెక్కి ఇంటికి పో. దిగుతవా, నేను దిగి కందుకూరు నడిచి పోవాల్నా?"

ఆమె నిజంగానే తలుపు తెరిచింది. ఒక కాలు కంకర మీద పెట్టింది కూడా.

శివశంకర్ దిగాడు.

తలుపు మెల్లగా వేశాడు. బండి ముందు నుంచి చుట్టి ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు. వద్దనే అంటాడని సక్కుబాయి మాట సిద్ధం చేసుకుంది.

"కందుకూరు దాక మధ్యల కెమెరాలున్నయ్," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "అరవై దాటకు."

"నలభై దాటితే గదరా."

"లైట్లేసుకొని పో. పొద్దుగూకకముందే రా. లేకుంటే వద్దు, ఆడనే పండుకో, పొద్దున్నే రా."

"నాకు ఎప్పుడు రావాల్ననిపిస్తే అప్పుడొస్త."

తలూపాడు. సక్కుబాయి బటను నొక్కి ఇంజను చాలు చేసింది. రోడ్డు ఖాళీ అయ్యేదాకా చూసింది. అద్దంలో కొడుకు బండి వెనకకు నడవడం కనబడింది. వీడు మళ్ళీ ఎక్కుతాడా ఏమి అనుకుంది. ఎక్కలేదు. ఎయిర్‌పోర్టులో సామాను పెట్టి, ప్యాసింజరు ఎక్కాక, డ్రైవరుకు ఇక పొమ్మని చెప్పడానికి సూపర్‌వైజర్లు డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తారు. శివశంకర్ రెండు దెబ్బలు వేశాడు.

"కొత్త పెయింటురా, మెల్లగ కొట్టు!" అని సక్కుబాయి కిటికీలోంచి అరిచింది. గేరు వేసింది.

బండి కంకర దాటి రోడ్డెక్కింది. అద్దంలో వాడు చిన్నగా అయ్యాడు. హోటలు ముందు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు. ఆమె ఒక్కసారే చూసింది. రెండోసారి చూస్తే ఆపేస్తుందని ఆమెకు ఆమె మీద అనుమానం.

పక్క సీటు మీద ఫోను మోగడం మొదలుపెట్టింది. సత్తెమ్మ. ఆగి, మళ్ళీ మోగింది. చేయి అటు పోబోతే సక్కుబాయి తన చేతిని తానే కసిరింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, ఫోనుకు వినబడుతుందన్నట్టు గట్టిగా అంది.

"వస్తున్ననే, ఏం తొందర నీకు? ఇయ్యాల అంత నీతోనే ఉంట, సావగొట్టకు!"

మూడో గేరు వేసింది.